మూడో బల్ల దగ్గర ఇర్మా

వెర్వియే ఊళ్ళో నదిని ఆనుకుని ఉన్న పాత ఉన్ని మిల్లుకి మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా రంగులు వేయించారు. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు, మొదటి అంతస్తులో యోగా నేర్పే ఆవిడ, రెండో అంతస్తులో పెరీన్, లొయిక్ కలిసి నడుపుకునే వెబ్ డిజైన్ ఆఫీసు. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన గొర్రె ఉన్నిని ఆ భవనంలోనే కడిగేవారు. ఇప్పుడు అక్కడ బేకరీలకీ, ఫిజియోథెరపీ వాళ్ళకీ, కుక్కలకి క్షవరం చేసేవాళ్ళకీ వెబ్‌సైట్లు తయారవుతున్నాయి. అద్దె తక్కువ. కిటికీలు పెద్దవి. వాన పడితే నది చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఆఫీసులో మనుషులు ఇద్దరే అయినా బల్లలు మూడు. మూడోది వాళ్ళు కొన్నది కాదు, గదితో పాటే వచ్చింది. ఉన్ని ఏరడానికి వాడిన ఓక్ చెక్క బల్ల. ఇద్దరూ కలిసి తోసినా అంగుళం కదల్లేదు. సరే పోనీ అని దాని మీద ప్రింటరూ, నీళ్ళు పోయడం ఎప్పుడూ మర్చిపోయే ఒక మొక్కా పెట్టారు.

పెరీన్‌కి ఆ గదంటే ప్రాణం. దానికి ముందు ఆరేళ్ళపాటు ఆమె ఊరి బయట, బంగాళదుంప వేపుడు ముక్కల్ని గడ్డకట్టించి అమ్మే ఫ్యాక్టరీలో, నూనె తొట్ల దగ్గర పనిచేసింది. మూడుసార్లు తలంటుకున్నా దిండుకి అదే కంపు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు మర్యాదగా మొహం కిటికీ వైపు తిప్పుకునేవారు. ఆ మర్యాదని ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరూ నేర్పకుండానే ఈ పని నేర్చుకుంది. ఈ గది పోతే మళ్ళీ ఆ తొట్ల దగ్గరికే. ముప్ఫై ఒక్క ఏళ్ళకి ఆమెకున్న భయం అదొక్కటే.

గది పోయే ఆ రోజు కూడా దగ్గరికొచ్చేసింది. మార్చితో అద్దె రాయితీ అయిపోతుంది. సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ ఒక పెద్ద పనికి టెండర్ పిలిచింది. ఊరి ఉన్ని చరిత్ర మొత్తం చూపించే వెబ్‌సైట్. రెండేళ్ళ పని. అది దొరికితే గది నిలుస్తుంది.

"కనీసం ముగ్గురు పనిచేస్తూ ఉండాలట," అన్నాడు లొయిక్ కాగితం చదువుతూ. "మనం ఎలా లెక్కపెట్టినా ఇద్దరమే కదే."

"నువ్వు ముగ్గురి తిండి తింటావు. అది రాయి."

"ఏడిశావులే. ఇదిగో విను. ఫొటో ఇంకా చేతికి రాకపోతే పేజీలో ఏం చేస్తాం? ఆ చోటు ఖాళీగా వదలం కదా. బూడిద రంగు డబ్బా ఒకటి పెట్టి ఉంచుతాం. అసలుది వచ్చాక మార్చేస్తాం. మనిషిని కూడా అలాగే పెడదాం. పని దొరికాక నిజం మనిషిని తెచ్చుకుని మార్చేద్దాం."

పెరీన్ కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తప్పని తెలుసు. తప్పు చేసేటప్పుడు ఆమెకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, అదే ఆమె దరిద్రం.

"మొహం ఎవరిది పెడతాం?" అంది.

అలా అడిగిందంటే ఒప్పుకున్నట్టే.

మొహం మెట్ల కింద దొరికింది. వరద వచ్చిన ఏడాది నేలమాళిగలోంచి బురద ఎత్తిపోస్తుంటే బయటపడ్డ అద్దపు పటం అది. అప్పటి నుంచీ గోడకి ఆనించే ఉంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, చేతులు మోచేతుల దాకా మడుచుకుని, ఉన్ని కడిగే తొట్ల ముందు నిలబడ్డారు. పదమూడు మంది ఎండకి కళ్ళు చికిలించుకున్నారు. వెనక వరసలో ఒకామె మాత్రం సూటిగా చూస్తోంది. ఆమె దవడ కింద, మెడ మీద, రూపాయి బిళ్ళంత నల్లటి పుండు.

"ఛీ! అదేంటే?" అన్నాడు లొయిక్.

"ఉన్ని నుంచి అంటుకునే జబ్బు. టెండర్ కాగితాల్లో రాశారు. మొదట చిన్న కురుపు లేస్తుంది, నల్లగా పెచ్చు కడుతుంది, వారం పదిరోజుల్లో ప్రాణం పోతుంది."

"అయితే దీన్ని వదిలెయ్. ఇంకొకరిని చూడు."

"ఇంకెవరూ కళ్ళు తెరవలేదుగా."

పెరీన్ ఫొటోని స్కాన్ చేసి, ఆమెని ఛాతీ దగ్గరికి కత్తిరించింది. రంగులద్దింది. మాసిన జాకెట్టుకి బదులు నీలం చొక్కా వేసింది. పుండుని తుడిచేయడానికి చెంప మీది చర్మాన్ని కాపీ తీసి మెడ మీద అతికింది. చెంప మీదున్న పుట్టుమచ్చ కూడా దాంతో పాటే వచ్చి మెడ మీద పడింది. చూసింది. ఎవరు అంత పట్టి చూస్తారులే అని వదిలేసింది. ఆమె పేరేమిటో పటం వెనక రాసి ఉందేమోనని తిప్పి చూద్దామనిపించింది కానీ చూడలేదు.

"ఇర్మా అని పెట్టు," అన్నాడు లొయిక్. "మా అమ్మమ్మ పిల్లి పేరు."

ఇర్మాకి ఆఫీసు సిస్టంలో ఒక ఖాతా తెరిచారు. మెయిల్ ఇచ్చారు. కస్టమర్లకి జవాబులు రాసే పని ఇచ్చారు. పెరీన్ ఆమె కోసం పదకొండు వాక్యాలు తయారుచేసి పెట్టింది. 'మీ సందేశం అందింది, ధన్యవాదాలు.' 'మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం.' 'ఆ పని నేనే దగ్గరుండి చూసుకుంటాను.' ఇలాంటివి. ఎవరేం అడిగినా ఈ పదకొండింట్లోంచే ఏరి పంపేవారు. టెండర్ దరఖాస్తు, నమూనా పేజీలు అన్నీ లొయిక్ ఇర్మా ఖాతాలోంచే ఎక్కించాడు, ముగ్గురూ పనిచేసినట్టు కనపడాలి కదా అని. మూడో బల్ల మీద ప్రింటర్ తీసేసి పాత కంప్యూటర్ ఒకటి పెట్టారు. కుర్చీ వేశారు. కుర్చీ వీపుకి పెరీన్ తన పాత స్వెట్టర్ కూడా తగిలించింది.

వెబ్‌సైట్‌లో చూస్తే నిజంగానే ముగ్గురిలా ఉన్నారు.

అక్టోబరు చివర హీటర్లు వేశాక వాసన మొదలైంది.

తడిసిన గొర్రె వాసన. దాని కింద పాత చెమట. దాని కింద ఇంకొకటి, ఎన్నాళ్ళో మూతపెట్టి నిలవ ఉంచిన ఉచ్చలాంటిది. గది మొత్తం రాదు. మూడో బల్ల దగ్గరికి వెళ్తేనే వస్తుంది. పైగా అది వెచ్చగా ఉండేది. పెరీన్‌కి చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది ఆ వెచ్చదనానికే. మాసిన బట్టల కంపు చల్లగా ఉంటుంది. ఇది ఎవరో ఒంటి మీంచి వస్తున్నట్టు...

"నీ బూట్లు బయట పెట్టరా బాబూ."

"నా బూట్లు కాదు. నీ ఉల్లిపాయల సూపు."

ఒక సోమవారం ఆమె మూడో బల్ల తుడుస్తుంటే కీబోర్డు వేళ్ళకి అంటుకుంది. అక్షరాల మీద పచ్చటి జిడ్డు. కాగితంతో తుడిస్తే కాగితం మొత్తం నూనె పీల్చిన పకోడీ పొట్లంలా పారదర్శకంగా అయిపోయింది. రెండు మీటల సందులో ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో లాగింది. ఉన్ని పాయ. పొడుగ్గా, ఉంగరాలు తిరిగి, కొసన ఎండిన పేడ ఉండ ఒకటి వేలాడుతూ వచ్చింది. పెరీన్ బాత్‌రూమ్ దాకా కూడా వెళ్ళలేకపోయింది. చెత్తబుట్టలోనే కక్కేసింది.

"ఎలకలేమో," అన్నాడు లొయిక్. మొహం పాలిపోయింది వాడికీ.

ఇర్మా మెయిల్ తెరిస్తే కొత్త సందేశాలకి అప్పటికే జవాబులు వెళ్ళి ఉండేవి. నువ్వు పంపావంటే నువ్వు పంపావని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ఒకరోజు బేకరీ విల్కిన్ గారు ఫోన్ చేశారు.

"మీ ఇర్మాతో మాట్లాడానమ్మా. ఎంత ఓపిక! నేను అరుస్తుంటే ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మీ ఇద్దరికీ అదే నేర్పమను."

"ఫోన్లోనా?"

"మరి గోడతో మాట్లాడానా? కాకపోతే గొంతు తడిగా ఉంది పాపం. జలుబు చేసినట్టుంది. వేడివేడిగా ఏదైనా తాగమను."

పెరీన్ ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రమే ఇర్మాని తీసేద్దామంది. లొయిక్ రెండు చేతులూ జోడించాడు.

"వచ్చేవారం మునిసిపాలిటీ నుంచి వస్తున్నారే. చివరి దశలో ఉన్నది మనమూ ఇంకొక్కళ్ళూ. ఇప్పుడు మూడో మనిషి మాయమైతే ఏం చెప్తాం? ఇర్మాకి ఒంట్లో బాలేదని చెప్దాం. తరవాత నీ ఇష్టం."

పెరీన్ తన జుట్టు ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసుకుంది. షాంపూ వాసన. సరే అంది.

మునిసిపాలిటీ నుంచి రావలసిన దెల్రే గారు డిసెంబరులో ఒక గురువారం సాయంత్రం నాలుగింటికి వచ్చారు. అప్పటికే చీకటి పడిపోయింది. వాన. పొద్దున్నే విల్కిన్ గారు తలుపు దగ్గర ఒక తార్త్ పెట్టి వెళ్ళారు, బియ్యం పాలల్లో ఉడికించి, గుడ్లు కలిపి కాల్చే ఈ ఊరి తార్త్. డబ్బా మీద 'ఇర్మా గారికి' అని రాసి ఉంది. అతిథికి పెట్టడానికి ఆఫీసులో అదొక్కటే ఉంది కాబట్టి పెరీన్ దాన్నే కోసి పెట్టింది.

దెల్రే గారు లావుపాటి ఆవిడ, గొంతు పెద్దది. గొడుగు దులుపుతూ లోపలికి వచ్చారు.

"అబ్బ, ఏం మెట్లమ్మాయ్ ఇవి! కింద తలుపు తాళం వేసి ఉంది. అదృష్టం కొద్దీ మీ ఇర్మా వచ్చి తీసింది."

లొయిక్ నోరు తెరిచాడు. 'ఒంట్లో బాలేదు' అనే మాట అక్కడే ఆగిపోయింది.

"ఆవిడ... ఎక్కడ?" అంది పెరీన్.

"నాకంటే ముందే ఎక్కి వచ్చేసిందిగా. అదిగో."

పెరీన్ వెనక్కి తిరిగింది.

మూడో బల్ల దగ్గర దీపం వెలుగుతోంది. ఇర్మా కూర్చుని ఉంది. నీలం చొక్కా. సూటి చూపు. పెరీన్ అద్దిన రంగులే. చెంపలకి కాస్త ఎక్కువైన గులాబీ రంగు, ఫొటోలో బాగానే ఉందనుకుంది, మనిషి మీద అది ఉడికించిన మాంసంలా ఉంది. చెంప మీద పుట్టుమచ్చ. మెడ మీద, దవడ కింద, అదే పుట్టుమచ్చ. దాని చుట్టూ చర్మం అతుకు. అతుకు అంచులు కొద్దిగా పైకి లేచి, కింద నుంచి ఏదో తడి ఊరుతోంది...

"మీ సందేశం అందింది, ధన్యవాదాలు," అంది ఇర్మా.

గొంతు నిజంగానే తడిగా ఉంది. నీళ్ళలోంచి మాట్లాడినట్టు.

దెల్రే గారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. పెరీన్, లొయిక్ కూడా కూర్చోవలసి వచ్చింది. కంపు ముక్కుని కాదు, నాలుకని పట్టుకుంది. దెల్రే గారు మాత్రం కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు.

"ఈ వాసన! ఎన్నేళ్ళయిందో. మా అమ్మమ్మ ఇలాంటి మిల్లులోనే చేసేది. ఒళ్ళో పడుకుంటే ఇదే వాసన. ఏదైనా సీసాలో పట్టి పెట్టారా ఏంటి? ఉన్ని చరిత్ర చెప్పడానికి వాసన కూడా తయారుచేశారు చూడు! ఇంకో కంపెనీవాడు నాకు కాఫీ ఒక్కటే ఇచ్చాడమ్మాయ్."

లొయిక్ నవ్వాడు. ఏడుపులా ఉంది ఆ నవ్వు.

"ఇర్మా గారూ, వెబ్‌సైట్‌లో తప్పులు దొర్లితే మాకు జవాబు చెప్పేది ఎవరు?"

"ఆ పని నేనే దగ్గరుండి చూసుకుంటాను."

"కొత్తగా ఏదైనా చేర్చాలంటే విసుక్కోరు కదా? పాత కంపెనీవాళ్ళు ఒక ఫొటో మార్చమంటే నెల తిప్పించుకున్నారు."

"మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం."

"ఎంత మర్యాద! విన్నావా అబ్బాయ్? నేర్చుకో."

పదకొండు వాక్యాలు. వాటితోనే నెట్టుకొచ్చేస్తోంది. ప్రతి మాటా పెరీన్ రాసిందే. ఎవరి నోట్లోనో తను నమిలి ఉమ్మిన ముద్ద తిరుగుతున్నట్టు అనిపించింది పెరీన్‌కి.

ఇర్మా చెయ్యి చాచి తార్త్ ముక్క ఒకటి దెల్రే గారి ముందుకి జరిపింది. వేళ్ళు పడ్డచోట తార్త్ మీద పచ్చటి జిడ్డు మరక, అందులో ఒక వెంట్రుక. దెల్రే గారు అది చూడకుండానే కొరికారు. నమిలారు. "విల్కిన్ చేతి తార్త్ కదా," అన్నారు. పెదాలు దీపం వెలుగులో జిడ్డుగా మెరిశాయి. పెరీన్ తన ముక్కని పక్కకి నెట్టింది. చేతిలోని ఫోర్కు జారి కింద పడింది.

వంగింది, తీసుకోవడానికి.

వంగకుండా ఉండాల్సింది.

బల్ల కింద కాళ్ళు లేవు. నీలం చొక్కా ఛాతీ దగ్గర ఆగిపోయింది, తను ఫొటోని ఎక్కడ కత్తిరించిందో సరిగ్గా అక్కడ, గీత గీసినట్టు. అక్కడి నుంచి కిందికి ఉన్ని. కడగని ఉన్ని. పచ్చగా, జిడ్డుగా, పేడ ఉండలు కట్టి, కుర్చీ మీంచి నేల దాకా కుప్పగా జారి ఉంది. కొసల నుంచి చుక్కలు పడుతున్నాయి. సందుల్లో తెల్లగా, బియ్యపు గింజల్లాంటివి... కదులుతున్నాయి. ఆ కుప్ప మొత్తం మెల్లగా ఉబ్బుతోంది. తగ్గుతోంది. ఉబ్బుతోంది.

ఊపిరి తీస్తోంది.

పెరీన్ లేచి కూర్చుంది. ఫోర్కు కిందే వదిలేసింది. ఆ పావుగంటలో ఇంకేం మాట్లాడారో ఆమెకి గుర్తులేదు. దెల్రే గారు లేచి కోటు వేసుకోవడం, ఇర్మా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకోవడం గుర్తుంది. వదిలినప్పుడు అరచేతుల మధ్య జిడ్డు తీగలా సాగింది.

"ఎంత మెత్తని చేతులమ్మా! మా అమ్మమ్మవి అచ్చం ఇలాగే ఉండేవి. ఉన్ని జిడ్డు మహిమ." పెరీన్ వైపు తిరిగి కన్నుగీటారు. "నేను చెప్పకూడదు గానీ, ఇంకో కంపెనీలో ముగ్గురని రాశారు, వెళ్తే ఇద్దరే. అబద్ధాలంటే నాకు ఒళ్ళు మంట. రేపు తొమ్మిదింటికి వచ్చి సంతకాలు పెట్టండి."

మెట్ల మీద దెల్రే గారి అడుగుల చప్పుడు తగ్గిపోయింది. కింద తలుపు పడింది.

ఇర్మా లేవలేదు.

గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఎక్కడి నుంచో చుక్కలు పడే చప్పుడు. టప్... టప్...

"లొయిక్," గుసగుసగా అంది పెరీన్. "తీసేస్తున్నా."

"వద్దే... రేపు సంతకాలయ్యాక..."

"అప్పటిదాకా ఇక్కడ దీనితో కూర్చుంటావా?"

వాడు గోడ దాకా వెనక్కి జరిగాడు.

పెరీన్ తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. ఇర్మా వైపు వీపు పెట్టి కూర్చోవాలి, ఇంకో దారి లేదు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. వెనక కుర్చీ కిర్రుమంది. చూడకు. చూడకు. ఖాతాల జాబితా... ఇర్మా... 'తొలగించు' నొక్కింది.

తెర మీద ప్రశ్న వచ్చింది. ఖాతా తీసేటప్పుడు ఎప్పుడూ వచ్చేదే. వందసార్లు చూసి ఉంటుంది.

'ఈ వ్యక్తి పేరు మీద ఉన్నదంతా ఏం చేయాలి?'

కింద రెండే దారులు. 'పూర్తిగా చెరిపేయి.' లేదా, 'మరొకరి పేరు మీదికి మార్చు.'

చెరిపేస్తే టెండర్ పోతుంది. దరఖాస్తు, నమూనా పేజీలు, రెండు నెలల పని, అన్నీ ఇర్మా పేరు మీదే ఉన్నాయి. రేపు తొమ్మిదింటికి చూపించడానికి ఏమీ మిగలదు. మార్చిలో గది పోతుంది. నూనె తొట్లు. దిండు. బస్సు.

వీపు మీద వెచ్చగా తగిలింది. ఊపిరి.

"మార్చు," అన్నాడు లొయిక్ గోడకి అతుక్కుని. "చెరపకు. మార్చు. కానీ నా పేరు మాత్రం పెట్టకే... నీకు దణ్ణం పెడతాను."

వాడి వంక చూడలేదు పెరీన్. చూస్తే తిట్టాల్సి వచ్చేది. పేర్ల జాబితాలో ఉన్నవి రెండే పేర్లు. తన పేరు ఎంచుకుంది. నొక్కింది.

చెవి పక్కనే, తడిగా, నిదానంగా వినపడింది.

"మీ ఓపికకు కృతజ్ఞతలు."

తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీ. స్వెట్టర్ వీపుకి వేలాడుతోంది. నేల పొడిగా ఉంది. కీబోర్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. లొయిక్ పరిగెత్తుకెళ్ళి మూడో బల్లని ముక్కు పెట్టి వాసన చూశాడు, కుక్కలా. పగలబడి నవ్వాడు.

"పోయిందే! వాసన పోయింది! ఒట్టి చెక్క వాసన!"

కౌగిలించుకోవడానికి చేతులు చాచి వచ్చాడు. రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. నవ్వు అలాగే ఉంది మొహం మీద, కళ్ళు మాత్రం మారాయి. చేతులు దించుకున్నాడు. మొహం మర్యాదగా కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"రేపు... తొమ్మిదింటికి కదా," అన్నాడు కిటికీతో. "కాగితాలు నువ్వే తీసుకెళ్ళు. నాకు కాస్త తలనొప్పిగా ఉంది."

బస్సులో ఆమె చుట్టూ నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు.

ఇంటికి వెళ్ళి షవర్ కింద నిలబడింది. నీళ్ళు ఒంటికి అంటలేదు. తామరాకు మీద పడ్డట్టు పూసలు పూసలుగా జారిపోయాయి. సబ్బు నురగ రాలేదు. గిన్నెలు తోమే పీచుతో రుద్దుకుంది, చర్మం ఎర్రగా కందేదాకా. గోళ్ళ కింద పచ్చగా పేరుకుంది, తీస్తే మళ్ళీ పేరుకుంది. అద్దంలో మెడ చూసుకుంది, దవడ కింద వేలితో తడిమి తడిమి. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. అది చూసి ఏడ్చింది, హాయిగా. చేతులు మాత్రం ఎప్పుడూ లేనంత మెత్తగా ఉన్నాయి.

పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. బస్సెక్కే ధైర్యం లేక నది ఒడ్డునే నడిచి బయల్దేరింది. ఆ దారిలో కూల్చేసిన ఫ్యాక్టరీ స్థలం ఒకటి ఉంది. యంత్రాలతో గడ్డి కోయించడం ఎందుకని మునిసిపాలిటీ అక్కడ గొర్రెల్ని వదిలింది. మొత్తం తొమ్మిది. కంచెకి బోర్డు కూడా ఉంది, తొమ్మిదింటి పేర్లతో, పిల్లలు చదువుకోవడానికి.

పెరీన్ కంచె పక్క నుంచి నడుస్తుంటే మేత నమిలే చప్పుడు ఆగిపోయింది.

గొర్రెలు తలలెత్తాయి. అన్నీ ఒక్కసారే. తరవాత నడవడం మొదలుపెట్టాయి ఆమె వైపు. గుంపుగా కాదు. ఒకదాని వెనక ఒకటి, ముందుదాని తోకకి వెనకదాని ముక్కు ఆనించి, బారుగా. ఒక్కటీ అరవలేదు.

మొదటిది కంచె దాకా వచ్చి పక్కకి తిరిగి, డొక్కని తీగలకి ఆనించి నిలబడింది.

వెళ్ళిపోవాలనుకుంది పెరీన్. తొమ్మిది కావస్తోంది. చంకలో సంతకాల కాగితాలు ఉన్నాయి, జిడ్డు పీల్చి అద్దంలా అయిపోయి. కానీ చెయ్యి అప్పటికే కంచె తీగల మధ్యలోంచి లోపలికి వెళ్ళింది. ఆమె పంపలేదు. వెళ్ళింది. వేళ్ళు ఉన్నిలోకి దిగాయి. ఎక్కడ పట్టుకోవాలో, ఎటు తిప్పాలో వాటికి తెలుసు.

లాగలేదు కూడా. ఊరికే పట్టుకుంది. ఉన్ని మొత్తం, వీపు మీది నుంచి పొట్ట దాకా, తడిసిన దుప్పటిలా చప్పుడు లేకుండా ఆమె చేతుల్లోకి జారి వచ్చేసింది. కింద గొర్రె చర్మం నున్నగా, పాలిపోయి, ఆవిర్లు కక్కుతోంది. చుక్క నెత్తురు లేదు. గొర్రె ఆమె వంక ఒకసారి చూసింది. పక్కకి తప్పుకుంది.

రెండోది ముందుకొచ్చి డొక్క ఆనించింది.

పెరీన్ నోరు తెరిచింది అరవడానికి. గొంతులో ఏదో తడిగా అడ్డుపడింది. ఊళ్ళో గడియారం తొమ్మిది కొట్టింది. రెండోదాని ఉన్ని జారింది. మూడోది. ఐదోది. ఆమె కాళ్ళ చుట్టూ వెచ్చటి కుప్ప మోకాళ్ళ దాకా పెరిగింది. తొమ్మిదోది కూడా తప్పుకున్నాక, ఇంక అయిపోయింది కదా అని ఆమె కన్నీళ్ళతో తలెత్తి చూసింది.

బారు అయిపోలేదు. మంచులోకి, ఏటి గట్టు దాకా, కళ్ళకి ఆనినంత మేరా ఉంది. అవతల, నీళ్ళలోంచి గట్టు మీదికి ఎక్కుతున్న తడి గిట్టల చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.